స్పెక్స్ షీట్‌తో మార్కులు రావు: ఇంగ్లీష్ పరీక్షలో ఈమెయిల్, రివ్యూ రాయడం ఎలా?

ఈ వారం కొత్త ఫోన్ రివ్యూ లేదు ఫ్రెండ్స్. రివ్యూ రాయడం మీదే ఒక పాఠం ఉంది. కేంబ్రిడ్జ్ వాళ్ల బీ2 ఫస్ట్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాసేవాళ్లు మన రీడర్లలో కొందరైనా ఉంటారు. అందులో రైటింగ్ పేపర్‌లో ఫ్రెండ్‌కి ఈమెయిల్ రాయమనొచ్చు, ఏదైనా వస్తువు మీదో సినిమా మీదో రివ్యూ రాయమనొచ్చు. గాడ్జెట్ రివ్యూ అడిగారంటే మనలాంటివాళ్లకి ఫుల్‌టాస్ పడినట్టే అనిపిస్తుంది. సరిగ్గా ఆ బాల్‌కే మనవాళ్లు అవుట్ అవుతారేమోనని నా అనుమానం.

ఆ అనుమానం ఎందుకొచ్చిందో చెప్తా. మాది అనంతపురం జిల్లా కుందుర్పి. కల్యాణదుర్గం దాటి కర్ణాటక బార్డర్ వైపు పోతే వస్తుంది. నేను బీటెక్ అయ్యాక బెంగళూరులో కోడ్ రాసుకుంటున్నా. మా చిన్నాయన కొడుకు డిగ్రీ పూర్తిచేసి, యూరప్‌లో ఒక కోర్సుకి అప్లై చేయడానికి ఈ పరీక్ష రాయబోతున్నాడు. ఫీజు శెనక్కాయ పంట డబ్బుల్లోంచి కట్టారు. వాన మీద, బోరు మీద బతికే ఇంట్లో ఆ ఫీజు రెండోసారి కట్టడం జరిగే పని కాదు. అందుకే ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో కూర్చుని వాడి ప్రాక్టీస్ పేపర్లు దిద్దుతున్నా. కింద ఉన్న ఉదాహరణలు వాడివే, వాడిని అడిగే పెడుతున్నా.

ముందు లెక్క తెలుసుకోండి. రైటింగ్ పేపర్‌కి 1 గంట 20 నిమిషాలు. పార్ట్ 1లో వ్యాసం, అది తప్పనిసరి. పార్ట్ 2లో మూడు ప్రశ్నలిస్తారు, ఒకటి ఎంచుకోవాలి. అక్కడే ఈమెయిల్ లేదా లెటర్, రివ్యూ, ఆర్టికల్, రిపోర్ట్ లాంటివి వస్తాయి. ఏదైనా 140 నుంచి 190 పదాలు. ఒక్కో దానికి నాలుగు అంశాల మీద మార్కులు: అడిగినదంతా చెప్పావా, చదివేవాడికి తగ్గ పద్ధతిలో చెప్పావా, వరుసగా పేర్చావా, భాష ఎలా ఉంది. ఒక్కో అంశానికి 5 చొప్పున మొత్తం 20. అంటే గ్రామర్, పదసంపద అన్నీ కలిపి చివరి 5 మార్కుల్లోనే ఉన్నాయి. మనం ఏళ్ల తరబడి గ్రామర్ పుస్తకాలే రుద్దుతాం. మిగతా 15 మార్కులు రాసే ముందు ఎంత ఆలోచించామన్న దాని మీద ఎక్కువ ఆధారపడి ఉంటాయి.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లు కూడా వెళ్లిపోకండి. జనరల్ ట్రైనింగ్‌లో టాస్క్ 1 లెటరే, కనీసం 150 పదాలు, దానికి 20 నిమిషాలు కేటాయించుకోమంటారు. కొన్నిసార్లు అది ఫ్రెండ్‌కి రాసే లెటర్ అవుతుంది. అకడమిక్‌లో మాత్రం లెటర్ ఉండదు. రివ్యూ సంగతి వదిలేసినా, ఈమెయిల్ గురించి చెప్పేది మీకూ పనికొస్తుంది.

ఇంకో మాట. ఇంగ్లీష్ వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నా. పైకి చదవండి. రాసింది ఫ్రెండ్‌తో మాట్లాడినట్టుందా, తహసీల్దార్‌కి అర్జీ పెట్టినట్టుందా అన్నది కంటికంటే చెవికి త్వరగా దొరుకుతుంది.

అర్జీలా మొదలయ్యే ఈమెయిల్

మావాడికి నేనిచ్చిన మొదటి ప్రశ్న ఇది. ఇంగ్లండ్‌లో ఉన్న నీ ఫ్రెండ్ ఈమెయిల్ పంపాడు. వాళ్ల నానమ్మకి 70 ఏళ్లు, మొదటిసారి స్మార్ట్‌ఫోన్ కొనాలనుకుంటోంది. ఫోన్‌లో ఏం చూసుకోవాలి, విసుక్కోకుండా ఆమెకి ఎలా నేర్పాలి అని అడిగాడు. జవాబు రాయి. ఇది నేను తయారుచేసిన ప్రశ్నే, కానీ పరీక్షలో వచ్చేవి ఇదే తీరులో ఉంటాయి.

మావాడు ఇలా మొదలుపెట్టాడు: “ఐ యామ్ ఫైన్ హియర్ అండ్ హోప్ యు ఆర్ ఆల్సో ఫైన్ దేర్. విత్ రిఫరెన్స్ టు యువర్ మెయిల్, ఐ విష్ టు ఇన్ఫార్మ్ యూ...”

మొదటి వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను. ఇన్‌ల్యాండ్ లెటర్ల కాలం నుంచీ మన ఇళ్లలో ఉత్తరం అంటే అలాగే మొదలు. తెలుగులో అది ఆప్యాయత. ఇంగ్లీష్‌లో, అదీ 190 పదాల్లో ముగించాల్సిన చోట, అది ఎవరికైనా రాయగలిగే వాక్యం. నానమ్మ ఫోన్ కొంటోందన్న కబురు విన్న మనిషి ఆ కబురు గురించే ముందు మాట్లాడతాడు. రెండో వాక్యం స్కూల్లో నేర్చుకున్న లీవ్ లెటర్ నుంచి వచ్చింది. మనం ఇంగ్లీష్‌లో రాయడం నేర్చుకున్నదే హెడ్మాస్టర్‌కి, బ్యాంక్ మేనేజర్‌కి. ఇంగ్లీష్‌లో ఫ్రెండ్‌కి రాయాల్సిన పని మనకి ఎప్పుడు పడింది? తోటివాళ్లతో తెలుగులోనే మాట్లాడతాం, వాట్సాప్‌లో కూడా.

ఇక్కడ భాషల తేడా ఒకటి గమనించండి. తెలుగులో నువ్వు, మీరు అనే రెండు మాటలతోనే దూరం తేలిపోతుంది. “ఏమన్నా, ఎట్లుండావు?” అన్నా, “సార్, బాగున్నారా?” అన్నా, క్రియ చివర చూస్తే చాలు ఎవరితో మాట్లాడుతున్నామో తెలిసిపోతుంది. ఇంగ్లీష్‌లో అందరికీ ఒకటే యూ. అందుకని ఆ దూరాన్ని వేరే చోట్ల చూపించాలి. ఐ యామ్ బదులు ఐమ్, డు నాట్ బదులు డోంట్. పర్చేజ్ బదులు గెట్, టాలరేట్ బదులు పుట్ అప్ విత్. సలహా ఇచ్చేటప్పుడు “యూ షుడ్” అని మూడుసార్లు రాయకుండా ఒకచోట “వై డోంట్ యూ”, ఇంకోచోట “ఇఫ్ ఐ వర్ యూ, ఐడ్...” అంటే సరిపోతుంది. పద్ధతికి ఉన్న 5 మార్కుల్లో పెద్ద వాటా ఇలాంటి చిన్న ఎంపికలదే.

అలాగని చనువు అంటే షార్ట్‌కట్‌లు కాదు. యూ అనే మాటని ఒక్క అక్షరంతో రాయడం, ప్లీజ్‌ని పీఎల్‌జెడ్ చేయడం, ప్రతి వాక్యం చివరా బ్రో అనడం... ఇది చాటింగ్. పరీక్షకి కావాల్సింది ఫ్రెండ్‌తో మాట్లాడే గొంతు, పూర్తి వాక్యాలతో. ఆటోకరెక్ట్ ఉండదని కూడా గుర్తుపెట్టుకోండి. ఫోన్ కీబోర్డ్ మీద పెరిగిన మన స్పెల్లింగ్‌లు ఎంత నీరసంగా ఉన్నాయో పేపర్ మీద పెన్ను పెడితే తెలుస్తుంది.

మావాడి డ్రాఫ్ట్‌లో ఇంతకంటే పెద్ద లోపం వేరే ఉంది. ఫోన్‌లో ఏం చూసుకోవాలి అన్నదానికి ప్రాసెసర్, ర్యామ్, రిఫ్రెష్ రేట్ అంటూ 110 పదాలు రాశాడు. నానమ్మకి ఎలా నేర్పాలి అన్న రెండో ప్రశ్నకి ఒక్క వాక్యం కూడా లేదు. అడిగినదంతా చెప్పావా అనే మొదటి 5 మార్కుల్లో అక్కడే గండి పడుతుంది. రెండు ప్రశ్నలుంటే రెంటికీ దాదాపు సమానంగా చోటివ్వాలి. ప్రశ్నపత్రం మీద ఫ్రెండ్ అడిగిన ప్రతి ప్రశ్న కిందా గీత గీసుకుంటే ఈ పొరపాటు జరగదు.

“మీ అవ్వకి ఫోన్ ఎవరు నేర్పించినారు రా?” అని అడిగా.

“నేనే అన్నా. అత్త బెంగళూరులో ఉంది కదా, వీడియో కాల్ చెయ్యాలని.”

“ఎట్ల నేర్పించినావో అది రాయి.”

వారం తర్వాత వచ్చిన డ్రాఫ్ట్ ఇలా మొదలైంది: “గ్రేట్ టు హియర్ యువర్ గ్రాన్ ఈజ్ ఫైనల్లీ గెటింగ్ ఎ స్మార్ట్‌ఫోన్! మైన్ గాట్ హర్స్ లాస్ట్ ఇయర్, సో ఐ నో వాట్ యు ఆర్ గోయింగ్ త్రూ.” తర్వాత పేరాలో: “ఇఫ్ ఐ వర్ యూ, ఐడ్ ఫర్గెట్ అబౌట్ ది కెమెరా. వాట్ రియల్లీ మ్యాటర్స్ ఈజ్ ఎ లౌడ్ స్పీకర్ అండ్ బిగ్ లెటర్స్.” నేర్పడం గురించి: “వై డోంట్ యూ టీచ్ హర్ జస్ట్ వన్ థింగ్ ఎ డే? ఐ ట్రైడ్ టు షో మై గ్రాండ్‌మదర్ ఎవ్రీథింగ్ ఆన్ ది ఫస్ట్ డే అండ్ షి హిడ్ ది ఫోన్ అండర్ హర్ పిల్లో.” చివర: “లెట్ మీ నో హౌ ఇట్ గోస్!”

దిండు కింద ఫోన్ దాచేయడం నిజంగా జరిగిందే. ఏ టెంప్లేట్ పుస్తకంలోనూ దొరకదు. ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు, కానీ చదివిన ఎగ్జామినర్‌కి ఒక మనిషి ఇంకో మనిషికి రాసిన ఈమెయిల్‌లా అనిపిస్తుంది.

టెంప్లేట్ అంటే గుర్తొచ్చింది. వాడు కొన్నాళ్లు వెళ్లిన కోచింగ్‌లో ఇడియమ్స్ లిస్ట్ ఒకటి ఇచ్చారు. ఎలాగైనా రెండు ఇరికించాలట. అందులో మొదటిది, కుక్కలూ పిల్లులూ కురిసే వాన. అనంతపురం జిల్లా సగటు వర్షపాతమే ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. కుందుర్పి పిల్లాడి చేత కుక్కల్నీ పిల్లుల్నీ కురిపిస్తే ఎట్లా సామీ?

ముట్టుకోని ఫోన్‌కి రివ్యూ

ఇక అసలు విషయం. రెండో ప్రశ్న: నీ రోజువారీ జీవితాన్ని సులువు చేసిన ఒక ఎలక్ట్రానిక్ వస్తువు మీద ఇంగ్లీష్ వెబ్‌సైట్‌కి రివ్యూ రాయి. అది ఏం చేస్తుంది, నీకు ఎలా ఉపయోగపడింది, ఎవరికి రికమెండ్ చేస్తావు?

మావాడు యూట్యూబ్‌లో పదిసార్లు చూసిన ఒక ఫ్లాగ్‌షిప్ ఫోన్ మీద రాశాడు. చేత్తో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. చిప్ పేరు, ఎన్ని నిట్స్, ఎన్ని ఎంఏహెచ్, ఎన్ని వాట్స్ ఛార్జింగ్, ఐపీ68, అన్నీ కరెక్టే.

“అన్నా, స్పెక్స్ కరెక్ట్‌గా రాస్తే మార్కులు పడవా?”

పడవు. స్పెక్స్ షీట్ కంపెనీ ఇస్తుంది, రివ్యూ వాడినవాడు ఇస్తాడు. మన సైట్‌కీ ఇది వర్తిస్తుంది, కాకపోతే మీకు ఎంఏహెచ్ అంటే తెలుసు కాబట్టి మేం కొంత తప్పించుకుంటాం. ఎగ్జామినర్‌కి తెలియాల్సిన అవసరం లేదు. చిప్ పేరు రాసినా అది ఇంగ్లీష్ వచ్చని చూపించదు, ఎందుకంటే అది ఇంగ్లీషే కాదు, ఒక పేరు. ఒక నంబర్‌ని అనుభవంగా మార్చాలంటే మాత్రం ఇంగ్లీష్ కావాలి. 5000 ఎంఏహెచ్ అని రాయడానికి ఏ గ్రామర్ అక్కర్లేదు. పొద్దున 6కి ఛార్జర్ పీకేస్తే రాత్రి పడుకునే దాకా ఉంటుందని చెప్పాలంటే “ఇఫ్ ఐ అన్‌ప్లగ్ ఇట్ ఎట్ సిక్స్, ఇట్ లాస్ట్స్ అంటిల్ ఐ గో టు బెడ్” అనాలి. వాక్యం దానంతటదే పుడుతుంది. నిట్స్ సంగతీ అంతే. మే నెల మధ్యాహ్నం చేలో నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మెసేజ్ చదవగలిగావా లేదా? అది రాయి.

ఐపీ68 గురించి కూడా ఒక మాట. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. దుమ్ము విషయంలో 6 కంటే పైది లేదు. 8 అంటే మీటరు కంటే లోతు నీళ్లలో, కంపెనీ చెప్పినంతసేపు తట్టుకోవాలి. యాడ్స్‌లో ఎప్పుడూ ఆ 8నే చూపిస్తారు, స్విమ్మింగ్ పూల్‌తో సహా. మా ఊళ్లో ఫోన్ నీళ్లలో పడాలంటే ముందు నీళ్లుండాలి కదా. అక్కడ పనికొచ్చేది ఆ 6. శెనక్కాయ కొట్టే రోజుల్లో జేబులోంచి ఫోన్ తీస్తే ఛార్జింగ్ పోర్ట్‌లో ఎర్రమట్టి ఉంటుంది. ఈ ఒక్క కోణం చాలు, ఆ రివ్యూ మిగతా వంద రివ్యూల్లో కలిసిపోకుండా ఉండటానికి.

“మరి నా దగ్గర ఫ్లాగ్‌షిప్ లేదే?”

ప్రశ్నలో ఫోన్ అని ఎక్కడుంది? ఎలక్ట్రానిక్ వస్తువు అనే ఉంది. వాళ్ల ఇంట్లో నిజంగా బతుకు మార్చిన గాడ్జెట్ ఏదని అడిగితే కాసేపు ఆలోచించి, బోరు మోటారుకి పెట్టిన మొబైల్ స్టార్టర్ అన్నాడు. నాకు కుర్చీలోంచి లేచి ఈల వెయ్యాలనిపించింది.

సిటీ రీడర్ల కోసం: అది స్టార్టర్ పక్కన బిగించే చిన్న పెట్టె. లోపల సిమ్ ఉంటుంది. ఇంటి నుంచి దానికి ఫోన్ చేసి చెప్పిన నంబర్ నొక్కితే మోటారు ఆన్, ఇంకోటి నొక్కితే ఆఫ్. త్రీ ఫేజ్ కరెంటు వచ్చినా, పోయినా మనకి కబురు పంపే మోడల్స్ ఉన్నాయి. ఒక ఫేజ్ పోతే మోటారు కాలిపోకుండా ఆపేస్తాయి. బోరులో నీళ్లు అయిపోయి మోటారు ఉత్తగా తిరుగుతుంటే, అది లాగే కరెంటు తగ్గడాన్ని పట్టి ఆపేసేవీ ఉన్నాయి. నీళ్లు లోతుకి పోయిన మా మెట్టప్రాంతంలో ఆ చివరి ఫీచరే ప్రాణం, ఎందుకంటే మోటారు కాలితే బయటికి లాగి రివైండింగ్‌కి తీసుకుపోయే లోపల పైరు ఎండిపోతుంది. రాత్రిళ్లు కరెంటు వచ్చే రోజుల్లో మా చిన్నాయన టార్చిలైటు పట్టుకుని చేనికి పోయేవాడు. పాములుండేవి. ఇది స్మార్ట్ హోమ్ కాకపోతే మరేంటి?

సమస్య భాషది కాదు, అనువాదానిది. మనం ఇంగ్లీష్ అనుకునే మాటలు కొన్ని మన ఊళ్లోనే ఇంగ్లీష్. “కరెంట్ కేమ్” అని రాశాడు. “ది పవర్ కేమ్ బ్యాక్” అనాలి. కరెంటు పోవడం “పవర్ కట్”. బోరు అంటే ఇంగ్లీష్‌లో విసుగు, అందుకని “ఎ డీప్ వెల్ డ్రిల్డ్ ఇన్ అవర్ ఫీల్డ్” అని ఒకసారి విప్పి చెప్తే మిగతా చోట్ల “ది వెల్” చాలు. డౌట్ అంటే వాళ్లకి అనుమానం, మనం క్లాసులో అడిగేది క్వశ్చన్. “ఫ్రమ్ హోమ్ ఓన్లీ వి కెన్ ఆపరేట్” అనేది ఇంటి నుంచే అన్న మన ఏకారం. “వి కెన్ రన్ ఇట్ వితౌట్ లీవింగ్ ది హౌస్” అంటే అదే ఒత్తు వస్తుంది. కుందుర్పి పేరు రాయొచ్చా అని అడిగాడు. తప్పకుండా రాయి, కానీ పక్కనే “ఎ స్మాల్ ప్లేస్ ఇన్ ఎ వెరీ డ్రై పార్ట్ ఆఫ్ సౌత్ ఇండియా” అని నాలుగు మాటలు చేర్చు. చదివేవాడికి కుందుర్పి తెలీదు, నీకు తెలుసు. రివ్యూ రాయడంలో సగం పని ఆ రెంటికీ మధ్య దూరం తగ్గించడమే.

కొత్త రివ్యూ మొదటి పేరా: “హావ్ యూ ఎవర్ మేడ్ ఎ ఫోన్ కాల్ టు ఎ వాటర్ పంప్? మై ఫ్యామిలీ డస్ ఇట్ ఎవ్రీ డే.” రెండో పేరాలో పెట్టె ఏం చేస్తుందో నాలుగు వాక్యాలు. మూడో దాంట్లో: “మై ఫాదర్ యూజ్డ్ టు వాక్ టు ది ఫీల్డ్ ఎట్ టూ ఇన్ ది మార్నింగ్, విత్ ఎ టార్చ్ ఇన్ వన్ హ్యాండ్ అండ్ ఎ స్టిక్ ఇన్ ది అదర్.” యూజ్డ్ టు వాడకం వెతుక్కుని పెట్టింది కాదు. అప్పటికీ ఇప్పటికీ తేడా చెప్పాలంటే అది రాక తప్పదు.

లోపాలు రాయాలా వద్దా అని చాలామందికి సందేహం. రాయాలి. పొగడ్త ఒక్కటే ఉంటే అది యాడ్. మావాడు రెండు రాశాడు. సిమ్ రీఛార్జ్ మర్చిపోతే పెట్టె మూగబోతుంది. సిగ్నల్ లేకపోతే మళ్లీ నడకే: “వెన్ దేర్ ఈజ్ నో సిగ్నల్, ఇట్ ఈజ్ జస్ట్ ఎ బాక్స్ ఆన్ ఎ వాల్.” ఈ వాక్యం నేను రాసి ఉంటే బాగుండేదని కాస్త కుళ్లు పుట్టింది.

చివర రికమెండేషన్. “ఐ రికమెండ్ దిస్ టు ఎవ్రీవన్” అన్నది చాలామంది రాసే నీరసమైన వాక్యం. బోరు మోటారు అందరికీ ఎందుకు? ఎవరికి పనికొస్తుందో, ఎవరికి డబ్బు దండగో రెండూ చెప్పాలి. చేను ఇంటికి దూరంగా ఉండి, అక్కడ సిగ్నల్ ఉన్నవాళ్లకి కొనమన్నాడు. చేను ఇంటి వెనకాలే ఉంటే “సేవ్ యువర్ మనీ అండ్ ఎంజాయ్ ది వాక్” అన్నాడు.

టైమ్ విషయం త్వరగా చెప్పేస్తా. 80 నిమిషాల్లో ఒక్కో దానికి 40. అందులో 5 నిమిషాలు ప్లాన్‌కి, 5 చివర చదువుకోవడానికి. వ్యాసానికీ పార్ట్ 2కీ సమానమైన మార్కులు కాబట్టి వ్యాసం మీదే గంట గడిపేయొద్దు. బ్రిటిష్ స్పెల్లింగ్ అయినా అమెరికన్ అయినా పర్వాలేదు, కలపకండి. ఈమెయిల్, రివ్యూ రెండూ ఒకే పేపర్‌లో వస్తాయన్న గ్యారంటీ లేదు, కాబట్టి ఆర్టికల్, రిపోర్ట్ కూడా ఒక్కోటైనా రాసి చూసుకోండి.

ప్రాక్టీస్‌కి మీ ఇంట్లో ఫోన్ కాని ఒక వస్తువు తీసుకోండి. ఇన్వర్టర్, మిక్సీ, సెట్‌టాప్ బాక్స్, నాన్న స్కూటీకి పెట్టిన ఛార్జర్, ఏదైనా. బ్రాండ్ పేరు, ఒక్క నంబర్ కూడా వాడకుండా 150 పదాలు రాయండి. తర్వాత ఇంగ్లీష్ వచ్చి, గాడ్జెట్స్ అంటే ఇంట్రెస్ట్ లేని ఒకరి చేత చదివించండి. కొనాలా వద్దా అన్నది వాళ్లు చెప్పగలిగితే రివ్యూ పనిచేసినట్టు.

మావాడి పరీక్ష వచ్చే నెల. మొన్న ఆదివారం పంపిన రివ్యూ 176 పదాలు, 38 నిమిషాలు. “కరెంట్ కేమ్” ఇంకోచోట దొరికింది. కొట్టేసి, మిగతాది అలాగే ఉంచమన్నా.